బోరు నీళ్లు, సోనా మసూరి, ఆర్సెనిక్: మా వంటింటి లెక్కల డైరీ

సొంత బోరు నీళ్లతో రోజూ అన్నం వండుకునే ఇళ్లకు పనికొస్తుందని ఇది రాసి పెడుతున్నాను. మాది న్యూజెర్సీ, హంటర్డన్ కౌంటీ. మున్సిపల్ పైపు మా రోడ్డు దాకా రాలేదు. ఇంటి వెనక బోరు, బేస్‌మెంట్‌లో ప్రెషర్ ట్యాంకు, దాని పక్కన నీళ్ల గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్. తినేవాళ్లం నలుగురం: మేమిద్దరం, రెండేళ్ల పాప, ఆరు నెలలకని వచ్చిన అత్తయ్య.

ఇల్లు చేతులు మారేటప్పుడు బోరు నీళ్లు పరీక్ష చేయించాలని ఇక్కడ 2002 నుంచి చట్టం అమల్లో ఉంది. మా రిపోర్టులో కూడా ఆర్సెనిక్ అనే విషపదార్థం హద్దు దాటే ఉంది. "సాఫ్ట్‌నర్ ఉందిగా" అని అప్పట్లో అందరూ సరిపెట్టుకున్నారు. పాప అన్నం తినడం మొదలుపెట్టాక ఆ కాగితం మళ్లీ బయటికి తీశాం.

లెక్క పద్ధతి ముందే చెప్తాను, లేకపోతే కింది అంకెలు కలగాపులగం అవుతాయి. రోజుకు 200 గ్రాముల బియ్యం అన్నంగా తిని, 2 లీటర్ల నీళ్లు తాగే ఒక పెద్ద మనిషిని కొలతగా పెట్టుకున్నాను. రాసేదంతా ఇనార్గానిక్ ఆర్సెనిక్ (విషం ఎక్కువున్న రూపం), మైక్రోగ్రాముల్లో. ఒక పీపీబీ అంటే లీటరు నీళ్లలో గానీ కిలో బియ్యంలో గానీ ఒక మైక్రోగ్రాము.

స్టేజ్ 1: కుళాయి దగ్గర

శాంపిల్ తీసిన తీరు:

1. కుళాయి మూతికి ఉన్న చిన్న జల్లెడ విప్పేయాలి.
2. బోరు మోటారు ఆన్ అయిన శబ్దం వినిపించేదాకా నీళ్లు వదిలేయాలి. పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు మనకు అక్కర్లేదు.
3. ల్యాబ్ పంపే సీసాలో అడుగున కాస్త యాసిడ్ ఉంటుంది. కడగొద్దు, పొంగనివ్వొద్దు.
4. సాఫ్ట్‌నర్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి, ఫ్రిజ్ ఫిల్టర్ నుంచి ఒకటి పట్టాలి.

వచ్చిన రీడింగులు: సాఫ్ట్‌నర్‌కు ముందు 14.2 పీపీబీ, తర్వాత 13.9, ఫ్రిజ్ నీళ్లు 13.5.

మూడూ ఒకటే అనుకోవాలి. సాఫ్ట్‌నర్ పని కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం పెట్టడం. వాటికి ఉండేది పాజిటివ్ చార్జి. నీళ్లలో ఆర్సెనిక్‌కు నెగటివ్ చార్జి అన్నా ఉంటుంది, అసలు చార్జే లేకుండా అన్నా ఉంటుంది, సాఫ్ట్‌నర్‌కు చిక్కదు. ఫ్రిజ్‌లో ఉన్న కార్బన్ ఫిల్టర్ వాసన, క్లోరిన్ చూసుకుంటుంది, అంతే. యూవీ దీపం క్రిముల్ని చంపుతుంది, దీన్ని ఏమీ చేయలేదు. కాచి చల్లార్చితే ఇంకా నష్టం, నీళ్లు ఆవిరై ఆర్సెనిక్ మిగులుతుంది.

ఈ ఆర్సెనిక్ ఏ ఫ్యాక్టరీ నుంచో వచ్చింది కాదు. సెంట్రల్ జెర్సీలో పీడ్‌మాంట్ అనే ప్రాంతం కింద ఉన్న రాళ్లలోనే ఉంది, నీళ్లలోకి దిగుతుంది. ఫెడరల్ హద్దు 10 పీపీబీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 10. న్యూజెర్సీ మాత్రం 2006 నుంచి 5 పెట్టుకుంది. ఇంటి బోరుకు మాత్రం రోజువారీ పోలీసు మనమే.

నడుస్తున్న లెక్క: తాగే నీళ్ల నుంచే రోజుకు 28.4 మైక్రోగ్రాములు. బియ్యం ఇంకా లెక్కలోకి రాలేదు.
ఖర్చు: 3 సీసాలు × 35 = 105 డాలర్లు.

స్టేజ్ 2: సింకు కింద ఆర్వో

ఇంటి మొత్తానికి ఫిల్టర్ పెట్టిస్తే వేలల్లో అవుతుంది. స్నానానికీ బట్టలకూ ఈ స్థాయి నీళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, చర్మం ద్వారా లోపలికి పోయేది చాలా తక్కువ. నోట్లోకి పోయే నీళ్లు మారిస్తే చాలనుకుని సింకు కింద ఆర్వో బిగించాం. 260 డాలర్లు.

బిగించాక పరీక్ష: 3.8 పీపీబీ. హద్దు లోపలే. కానీ డబ్బా మీద రాసినంత పని జరిగితే ఒకటి లోపు రావాలి. గొట్టాలు, సీళ్లు అన్నీ చూశాం, లీకు లేదు. అసలు సంగతి ఆర్సెనిక్ రూపంలో ఉంది. నీళ్లలో అది రెండు రకాలుగా ఉంటుంది: ఆర్సెనేట్, ఆర్సెనైట్. ఆర్సెనేట్‌కు చార్జి ఉంటుంది కాబట్టి ఆర్వో పొర దాన్ని బాగానే ఆపుతుంది. ఆర్సెనైట్‌కు మామూలు నీళ్లలో చార్జి ఉండదు, పొరలోంచి కొంత జారిపోతుంది. మున్సిపల్ నీళ్లలో అయితే క్లోరిన్ దాన్ని ఆర్సెనేట్‌గా మార్చేస్తుంది. బోరు నీళ్లకు ఆ సౌకర్యం లేదు.

మార్చింది: ఆర్వోకు ముందు ఐరన్ ఆక్సైడ్ గుళికల కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టాం. తుప్పు ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది, రెండు రకాల్నీ. కార్ట్రిడ్జ్‌కూ ఆర్వోకూ మధ్య ఒక టీ (T ఆకారపు పైపు ముక్క), చిన్న వాల్వు. దీన్ని మానొద్దు. గుళికలు నిండిపోయిన రోజున నీళ్ల రంగు మారదు, రుచి మారదు. మధ్యలో సీసా పడితేనే తెలుస్తుంది.

మళ్లీ పరీక్ష: 0.5 కంటే తక్కువ, ల్యాబ్ కొలవగలిగే అడుగు అదే.

నడుస్తున్న లెక్క: తాగే నీళ్లు 28.4 నుంచి 1 లోపుకు.
ఖర్చు: ఆర్వో 260, కార్ట్రిడ్జ్ 90, టీ-వాల్వు 12, సీసాలు 70. మొత్తం ఇప్పటికి 537 డాలర్లు.

స్టేజ్ 3: బియ్యం సంచులు

గోధుమ కంటే వరికి ఈ సమస్య ఎక్కువ ఎందుకంటే వరి నీళ్లలో నిలబడి పెరుగుతుంది. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి ఉన్నప్పుడు ఇనుప ఆక్సైడ్లకు అతుక్కుని ఉండే ఆర్సెనిక్ అప్పుడు వదులై, ఆర్సెనైట్‌గా నీళ్లలోకి వస్తుంది. వరి వేరు సిలికాను పీల్చుకునే దారి ఒకటి ఉంది, ఈ ఆర్సెనైట్ ఆ దారినే లోపలికి దూరుతుంది. సిలికా లేకపోతే వరి కాండం నిలబడదు, కాబట్టి మొక్క ఆ దారి మూసుకోలేదు. పశ్చిమ బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో బోరో అనే ఎండాకాలపు వరి పంటకు ఆర్సెనిక్ ఉన్న బోర్ల నీళ్లే పెడతారు, అంటే పైనుంచి ఏటా కొత్త సరఫరా. అమెరికా దక్షిణాదిన మరో కథ. ఒకప్పుడు పత్తికి ఆర్సెనిక్ మందులు కొట్టిన నేలల్లో ఇప్పుడు వరి వేస్తున్నారు.

మేం పంపింది మూడు సంచులు: ఇండియా నుంచి వచ్చే మామూలు సోనా మసూరి, అదే రకం దంపుడు బియ్యం, అమెరికా దక్షిణాది లాంగ్ గ్రెయిన్. ఆ మూడోది 2023 నాటి తలనొప్పి. ఆ జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో జనం సంచుల మీద పడ్డ తీరు చూసినవాళ్లకు వివరం అక్కర్లేదు. దొరికింది కొనుక్కొచ్చాం, అది ఇప్పటికీ అడుగున ఉంది.

శాంపిల్ తీయడానికి:

1. సంచి పైనుంచి, మధ్యలోంచి, అడుగు నుంచి గుప్పెడేసి తీసి కలపాలి.
2. ఆర్డరులో "ఇనార్గానిక్ విడిగా" అని అడగాలి. మొత్తం ఆర్సెనిక్ పరీక్ష చవక, కానీ బియ్యానికి దాంతో పెద్దగా ఉపయోగం లేదు.
3. కడగకుండా, పచ్చి బియ్యమే పంపాలి.

రెండో పాయింటు ఎందుకో లాంగ్ గ్రెయిన్ రిపోర్టు చూస్తే తెలుస్తుంది. మొత్తం 231 పీపీబీ, అందులో ఇనార్గానిక్ 112. మిగతాది చాలావరకు డీఎంఏ అనే ఆర్గానిక్ రూపం, ఇనార్గానిక్ అంత విషం కాదు. ఊపిరితిత్తులు, మూత్రాశయం, చర్మం క్యాన్సర్లకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్రూప్ 1లో పెట్టింది ఇనార్గానిక్‌నే. సోనా మసూరి: మొత్తం 84, ఇనార్గానిక్ 68. దంపుడు బియ్యం: ఇనార్గానిక్ 121. తవుడు పొరలో ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి అలాగే రావాలి. షుగర్ ఉందని దంపుడు బియ్యానికి మారిన మా ఆయనకు ఈ అంకె అస్సలు నచ్చలేదు.

ఇవి మా సంచుల అంకెలు, ఆ రకాల జాతకం కాదు. పొలం మారితే అంకె మారుతుంది.

హద్దులతో పోలిస్తే: యూరప్ 2023లో తెల్లబియ్యానికి హద్దును 200 నుంచి 150 పీపీబీకి దించింది, దంపుడు బియ్యానికి, ఉప్పుడు బియ్యానికి 250. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ హద్దు తెల్లబియ్యానికి 200, దంపుడు బియ్యానికి 350. మూడు సంచులూ అన్నిట్లోనూ పాసే. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో పసిపిల్లల రైస్ సీరియల్‌కు 100 పీపీబీ ఖాయం చేసింది, పెద్దలు తినే బియ్యానికి మాత్రం హద్దు పెట్టలేదు. ఈ హద్దులన్నీ కిలోకు రాసినవి. రోజుకు రెండు పూటలా అన్నం తినేవాళ్లకూ, వారానికోసారి రిసోటో (ఇటలీ వాళ్ల అన్నం వంటకం) వండుకునేవాళ్లకూ అదే హద్దు. అందుకే నాకు పీపీబీ కంటే కంచంలో పడే మైక్రోగ్రాములే ముఖ్యం.

ఖర్చు: 3 × 140 = 420. మొత్తం 957 డాలర్లు.

స్టేజ్ 4: వండే పద్ధతి

ఇక్కడే ఎక్కువ కాలం గడిచింది.

మేం వండేది అత్తెసరు అన్నం, ఎలక్ట్రిక్ కుక్కర్లో. పోసిన ఎసరంతా అన్నంలోకే పోతుంది, బియ్యంలో ఉన్నదీ నీళ్లలో ఉన్నదీ రెండూ లోపలే. వార్చిన అన్నంలో గంజితో పాటు కొంత బయటికి పోతుంది. బెంగాల్ ప్రాంతపు పాత పద్ధతి మీద 2006లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. నీళ్లు తేటపడేదాకా కడిగి, ఒకటికి ఆరు పాళ్ల నీళ్లలో ఉడికించి వారిస్తే 57 శాతం దాకా ఆర్సెనిక్ పోయింది, వండిన నీళ్లలో ఆర్సెనిక్ తక్కువ ఉంటేనే సుమా. షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు తర్వాత ఇంకో దారి చూపించారు. నాలుగు పాళ్ల మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, మళ్లీ రెండు పాళ్ల కొత్త నీళ్లతో అత్తెసరుగా ముగించడం. వాళ్ల లెక్కలో తెల్లబియ్యంలో 73 శాతం, దంపుడు బియ్యంలో 54 శాతం తగ్గింది.

నేను షెఫీల్డ్ పద్ధతి పట్టుకున్నాను, కుక్కర్ వదలక్కర్లేదని. ఒక కప్పు సోనా మసూరి మా తూకంలో 200 గ్రాములు.

చెడిపోయిన చోట్లు వరసగా:

చల్లటి నీళ్లలో బియ్యం వేసి పొయ్యి వెలిగిస్తే అడుగంటింది, పైన నురగ పొంగి పొయ్యంతా పాకింది. ఐదు నిమిషాలు ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. నీళ్లు తెర్లాక బియ్యం వేసి, మళ్లీ తెర్లినప్పటి నుంచి టైమర్ పెడితే కుదిరింది.

వార్చడానికి పాస్తా జల్లెడ వాడితే సోనా మసూరి కన్నాల్లోంచి సగం సింకులోకి. సన్న జాలీ కొంటే గంజి జిగురుకి అది నిమిషంలో మూసుకుపోయింది, వేడి నీళ్లు అన్నం మీదే నిలబడ్డాయి. ఇది చూసి అత్తయ్య నన్ను పక్కకు జరగమన్నారు. అంచున్న గిన్నె, దాని మీద సిబ్బి, రెండు మసిగుడ్డలు. గిన్నె చెవులూ సిబ్బీ కలిపి బొటనవేళ్లతో నొక్కి, సింకు అంచుకి ఆనించి నెమ్మదిగా వంచారు. ముందు తెల్లటి పలుచటి నీళ్లు ధారగా, ఆ తర్వాత చిక్కటి గంజి చుక్కలు చుక్కలుగా. గిన్నెను పూర్తిగా తిప్పకుండా ఓరగా వదిలేసి ఒకటిన్నర నిమిషం ఆగారు. ఒక్క మెతుకు జారలేదు.

"యాభై ఏళ్లు ఇదే పని అమ్మాయ్. జల్లెడ కొనడం ఎందుకు, నన్నడిగితే పోయేది."

రెండో విడత నీళ్లు. చెప్పినట్టు రెండు కప్పులు పోస్తే మెత్తటి ముద్ద, పెరుగన్నానికి తప్ప పనికిరాదు. తూకం వేశాను. వార్చాక 200 గ్రాముల బియ్యం 330 అవుతోంది. మాకు నచ్చే అన్నం 560 గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే ఇంకా 230 కావాలి, ఆవిరికి 40. మొత్తం 270 మిల్లీలీటర్లు, కప్పు కంటే కొంచెం ఎక్కువ. మీ బియ్యం పాతదైతే ఎక్కువ తాగుతుంది, మీరూ ఒకసారి తూచుకోండి.

నీళ్ల వాడకం. ఆర్వో ట్యాంకులో ఒక్కసారికి 8 లీటర్లకు మించి రావు. అందుకని మొదటి కడుగులు బోరు నీళ్లతో, చివరిది మాత్రం ఆర్వోతో. నానబెట్టడం ఆర్వోలోనే. అరగంట నానితే 200 గ్రాములు 250 దాకా వస్తుంది, అంటే 50 గ్రాముల నీళ్లు గింజలోకి పోయాయన్నమాట. ఇడ్లీ, దోసెల పిండికి నానబోసే నీళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ల్యాబ్‌కు పంపిన అన్నాలు, మూడూ ఒకే సోనా మసూరి:

1. అత్తెసరు, బోరు నీళ్లు: 35 పీపీబీ
2. అత్తెసరు, ఆర్వో నీళ్లు: 24 పీపీబీ
3. వార్చి ముగించింది, రెండు విడతలూ ఆర్వో నీళ్లే: 11 పీపీబీ

పచ్చి బియ్యం 68 కదా, బోరు నీళ్లతో వండితే 35కి దిగిందనిపిస్తుంది. అలా చదవకూడదు. అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే, తూకం పెరిగి అంకె పలచబడింది. అన్నం బరువుతో గుణించాలి. మొదటిది 35 × 0.56 కిలో = 19.6 మైక్రోగ్రాములు. పచ్చి బియ్యంలో ఉన్నది 13.6. తగ్గడం మాట అటుంచి ఆరు మైక్రోగ్రాములు పెరిగింది. కుక్కర్లో పోసిన 450 మిల్లీలీటర్ల బోరు నీళ్లు తెచ్చేది 6.4, దగ్గరగా సరిపోయింది. రెండోది 13.4, అంటే బియ్యంలో ఉన్నది ఉన్నట్టే. మూడోది 6.2, సగానికి పైగా పోయింది, 55 శాతం.

బోరు నీళ్లతోనే వార్చితే? దానికి 140 డాలర్లు పెట్టలేదు, కాగితం మీద లెక్క చాలు. గింజలో మిగిలేది రెండు విడతలూ కలిపి 360 మిల్లీలీటర్లు, ఆవిరైన నీళ్లు వదిలి పోయిన ఆర్సెనిక్ కూడా అందులోనే. కలిపితే 5.7 వెనక్కి వస్తుంది. అంతా శ్రమపడి వార్చి కూడా దాదాపు 12. నీళ్లు బాగుచేయకుండా వార్పు మొదలుపెట్టొద్దని చెప్పేది ఇందుకే.

నడుస్తున్న లెక్క, రోజుకు ఒక మనిషికి:
మొదట: నీళ్లు 28.4 + అన్నం 19.6 = 48
ఆర్వో తర్వాత: 1 లోపు + 13.4 = దాదాపు 14
వార్చడం మొదలయ్యాక: 1 లోపు + 6.2 = దాదాపు 7

ఖర్చు: జల్లెడ 16 (ఇప్పుడు పిండి జల్లించుకుంటున్నాం), పరీక్షలు 420. మొత్తం 1,393 డాలర్లు.

స్టేజ్ 5: గంజి తగాదా

గంజి సింకులో పోస్తుంటే అత్తయ్యకు ప్రాణం ఒప్పలేదు. "బలమంతా అందులోనే పోతుంటే ఇంక తినేదేంటి?" ఆవిడ మాటలో నిజముంది. ఎఫ్‌డీఏ 2016 నాటి పరీక్షలో ఎక్కువ నీళ్లలో ఉడికించి వారిస్తే ఇనార్గానిక్ ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం తగ్గింది, కానీ విటమిన్లు కలిపిన అమెరికన్ బియ్యంలో ఫోలేట్, ఐరన్, నియాసిన్, థయామిన్ 50 నుంచి 70 శాతం పోయాయి. మా సంచి మీద విటమిన్లు కలిపినట్టు రాసి లేదు, పోయేది అంతకంటే తక్కువే. అయినా బీ విటమిన్లకు పప్పు, ఆకుకూర మీద ఆధారపడాల్సిందే.

ఆవిడ గంజిలో ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగే అలవాటు మాత్రం ఆపించాల్సి వచ్చింది. బియ్యంలోంచి బయటికి వచ్చిన ఏడున్నర మైక్రోగ్రాములు కడిగిన నీళ్లలోనూ ఆ గంజిలోనూ ఉన్నాయి, తాగితే చేసిన పనికి అర్థం లేదు. ఇప్పుడు గంజి ఆవిడ నేత చీరలకు పెడుతున్నారు, ఇస్త్రీ నా వంతు.

స్టేజ్ 6: పాప గిన్నె, ఇప్పటి పరిస్థితి

పాపకు ఇన్నాళ్లూ పెట్టింది ఉగ్గు: బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించిన పొడి. ఉగ్గులో వార్చేదేమీ ఉండదు, అంతా కడుపులోకే. పిల్లలు తమ బరువుకి తగ్గట్టు చూస్తే మనకంటే ఎక్కువ తింటారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2024లో లెక్కకు ఆధారంగా తీసుకున్న స్థాయి కిలో బరువుకు రోజుకు 0.06 మైక్రోగ్రాము. అది "ఇంతదాకా ఫరవాలేదు" అనే గీత కాదు, చర్మ క్యాన్సర్ ముప్పు కాస్త పెరగడం లెక్కకు అందే చోటు. పన్నెండు కిలోల పాపకు అది 0.72. డెబ్బై కిలోల మనిషికి 4.2, మేం వచ్చి ఆగింది 7 దగ్గర.

పాపకు మార్చినవి:

1. ఉగ్గులో బియ్యం మూడో వంతు, మిగతాది రాగి, గోధుమ రవ్వ, పెసరపప్పు.
2. రోజుకు ఒక పూటే అన్నం, వార్చిందే. రెండో పూట చపాతీ ముక్కలో రాగి జావో.
3. రైస్ క్రాకర్లు, రైస్ మిల్క్ బంద్.

మా ఆయన దంపుడు బియ్యం బదులు వారంలో సగం రోజులు జొన్నరొట్టె ఒప్పుకున్నారు. లాంగ్ గ్రెయిన్ సంచి ఇంకా అడుగునే ఉంది.

బియ్యం సంచి మారినప్పుడల్లా పరీక్ష చేయించే ఉద్దేశం లేదు, సంచి ధర కంటే పరీక్ష ధర ఎక్కువ. నీళ్లు మాత్రం ఆరు నెలలకోసారి, మధ్య వాల్వు దగ్గర. తాజా సీసా 35 డాలర్లు, మొత్తం 1,428. రీడింగ్ 1.1 వచ్చింది. 5 దాటిన రోజున కార్ట్రిడ్జ్ మారుస్తాను, ఎన్ని వేల లీటర్లకు నిండిందో అప్పుడు ఇక్కడే రాస్తాను.